నట్టల మందుకు లొంగని జలగలు: పశుసంవర్ధక శాఖకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ సంచాలకులకు, జిల్లా అధికారులకు, మండలాల్లో పనిచేస్తున్న పశువైద్యులకు నమస్కారాలు.

ముప్పయ్యేళ్లకు పైగా పల్లెల్లో పశువైద్య సహాయకుడిగా పనిచేసి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నవాణ్ణి. ఆ కాలంలో సగం కృష్ణా డెల్టాలో కాలువగట్ల మీద, పాడి గేదెల మధ్య గడిచింది. మిగిలిన సగం మెట్ట ప్రాంతంలో గొర్రెల మందల వెంట గడిచింది. ఈ రెండు చోట్లా పనిచేసినందువల్లనే నాకు అర్థమైన విషయం ఒకటి ఉంది. ఒక్కచోటే ఉండిపోయి ఉంటే అది నాకు ఎప్పటికీ తట్టేది కాదు. ఏటా మనం ఎంతో శ్రమపడి నడిపే నట్టల నివారణ కార్యక్రమంలో నత్తల ద్వారా వచ్చే జలగ వ్యాధులను మిగిలిన నట్టలతో కలిపి లెక్కగట్టకుండా విడిగా చూడాలనీ, వాటి మందు, దాన్ని వేసే కాలం, చేసే పరీక్ష, మూడూ వేరుగా ఉండాలనీ కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మన భాషలో 'నట్టలు' అనే మాట చాలా పెద్ద గంప. పేగుల్లో పెరిగే ఏలికపాములు, బద్దెపురుగులు, గొర్రె నాలుగో పొట్టలో రక్తం పీల్చే సన్నని పురుగులు, కార్జంలో (కాలేయంలో) చేరే ఆకు ఆకారపు జలగలు, పెద్ద పొట్ట గోడలకు దానిమ్మ గింజల్లా అంటుకునే పొట్ట జలగలు, అన్నీ అందులోనే పడతాయి. కాపరి వచ్చి 'నట్టల మందు ఇవ్వండి' అంటాడు, మనమూ సీసా మీద ఏముందో అతనికి చెప్పకుండానే 'నట్టల మందు' అనే ఇస్తాం. పైకి కనిపించే లక్షణాలు కూడా ఈ గందరగోళానికి తోడ్పడతాయి. కంటిరెప్ప లోపలి పొర సున్నం రాసినట్టు తెల్లబడటం, దవడ కింద నీరు దిగి తిత్తిలా వేలాడటం, ఊలు ఊడిపోవడం, మంద వెనక పడిపోవడం అనేవి రక్తం పీల్చే పొట్ట పురుగు వల్లా వస్తాయి, కార్జపు జలగ వల్లా వస్తాయి. దవడ కింద వాపును చూసి గొంతువాపు అని భయపడి పరుగెత్తుకొచ్చిన రైతులు కూడా నాకు తెలుసు. గొంతువాపులో జ్వరం మండిపోతుంది, వాపు వేడిగా ఉంటుంది, పశువు ఒకటి రెండు రోజుల్లోనే చేజారిపోతుంది. జలగ పట్టిన గొర్రెకు జ్వరం ఉండదు, వాపు చల్లగా, వేలితో నొక్కితే గుంట పడేలా ఉంటుంది. పొద్దంతా తల వంచి మేసి వచ్చాక సాయంత్రానికి వాపు పెరుగుతుంది, తెల్లవారేసరికి కొంత తగ్గుతుంది. అది చూసి కాపరి వ్యాధి దారికి వచ్చిందనుకుంటాడు.

జలగ అన్న పేరు కూడా మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తున్నది. చెరువులో నీళ్లు తాగేటప్పుడు పశువు జలగను మింగిందనీ, అదే లోపల పెరిగిందనీ నమ్మే రైతులు నా ఉద్యోగం చివరి రోజుల దాకా కనిపించారు. అసలు దారి వేరు. వ్యాధి పట్టిన గేదె పేడలో జలగ గుడ్లు పడతాయి. ఆ పేడ నీటిలో కలిస్తే, మన వెచ్చటి వాతావరణంలో దాదాపు రెండు వారాలకు గుడ్డు పగిలి కంటికి కనబడని పిల్ల ఒకటి ఈదుతూ బయటికి వస్తుంది. దాని ఆయుష్షు ఒక్క రోజు. ఆ ఒక్క రోజులో తనకు తగిన జాతి నత్త దొరికితే దాని ఒంట్లోకి దూరుతుంది, దొరక్కపోతే అక్కడితో దాని కథ ముగుస్తుంది. నత్త లోపల అది కొన్ని వారాలపాటు రూపాలు మార్చుకుంటూ ఒకటి వందలై, తోకలున్న పిల్లలుగా తిరిగి నీటిలోకి వస్తుంది. ఆ పిల్లలు నీటిమట్టానికి దగ్గరగా ఉన్న గడ్డి కాడలకు, వరి మొదళ్లకు అంటుకుని, తోక వదిలేసి, గట్టి పెంకు కట్టుకుని కూర్చుంటాయి. పశువు ఆ గడ్డి తిన్నప్పుడే వ్యాధి అంటుతుంది. పేగులో పెంకు విడిచిన పిల్ల జలగ పేగు గోడను తొలుచుకుని కడుపు ఖాళీలోకి, అక్కడి నుంచి కార్జం మీది పొరను చీల్చుకుని లోపలికి వెళ్లి, వారాల తరబడి కార్జాన్ని తింటూ తిరిగి, చివరికి పైత్యనాళాల్లో స్థిరపడి గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. మన ప్రాంతంలో ఉండే పెద్ద జాతి జలగకు, అంటే ఫాసియోలా జైగాంటికాకు, గడ్డిలో నోటికి చేరింది మొదలు గుడ్లు పెట్టే దాకా సుమారు 3 నుంచి 4 నెలలు పడుతుంది. ఈ మూడు నాలుగు నెలల వ్యవధిని దయచేసి గుర్తుంచుకోండి, ఈ లేఖలో నేను చెప్పబోయే ప్రతి విషయమూ దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ చక్రం ఏమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1879-80 చలికాలంలో ఇంగ్లండులో ఈ జలగ వల్ల దాదాపు 30 లక్షల గొర్రెలు చచ్చిపోయాయి. ఆ తరువాత రెండు మూడేళ్లలోనే ఆక్స్‌ఫర్డులో ఆల్జర్నన్ థామస్, జర్మనీలో రుడాల్ఫ్ ల్యూకార్ట్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ జీవిత చక్రాన్ని నత్తతో సహా ఛేదించారు. వాళ్లు చూసింది చల్లటి దేశాల చిన్న జాతి జలగ. మన పెద్ద జాతి నడక కూడా దాదాపు అదే, నత్త జాతి మాత్రం వేరు. మన చెరువుల్లో, పంట బోదెల్లో నాచు మధ్య తిరిగే, పలచని పెంకు, చెవిలా విచ్చుకున్న నోరు ఉండే లిమ్నియా నత్తలు దీనికి ఆశ్రయమిస్తాయి. ఇవి గోరంత ఉంటాయి, మహా అయితే బొటనవేలి కొనంత. జనం ఏరుకుని వండుకునే పెద్ద గుల్ల నత్తకూ ఈ వ్యాధికీ సంబంధం లేదు. రైతులకు చెప్పేటప్పుడు ఈ తేడా చూపించకపోతే, వాళ్లు పెద్ద నత్తలను ఏరి పారేసి పని అయిపోయిందనుకుంటారు.

ఇక మందుల విషయానికి వస్తాను. మనం ఎక్కువగా వాడే ఫెన్‌బెండజోల్ మామూలు మోతాదులో గుండ్రటి పురుగులకు మంచి మందు, కార్జపు జలగ మీద దాని ప్రభావం నమ్మదగ్గది కాదు. ఐవర్‌మెక్టిన్ జలగలను అసలు తాకదు. ఆల్బెండజోల్ జలగలను చంపాలంటే గుండ్రటి పురుగులకు వేసే దానికన్నా ఎక్కువ మోతాదు కావాలి, అప్పుడు కూడా ముదిరిన జలగలనే చంపుతుంది. పైగా చూలు కట్టిన తొలి నెలలో ఉన్న గొర్రెలకు అది వేయకూడదు. ఆక్సీక్లోజనైడ్ ముదిరిన జలగలకు మంచిది, కార్జంలో తిరుగుతున్న పిల్ల జలగలకు చాలదు. వారం పది రోజుల పిల్ల నుంచి ముదిరిన జలగ దాకా అన్ని దశలనూ చంపగలిగింది ట్రైక్లాబెండజోల్ ఒక్కటే. అది గుండ్రటి పురుగులకు పనిచేయదు, పొట్ట జలగలకూ పనిచేయదు. ఇవన్నీ చదువుకున్న పశువైద్యులకు తెలియనివి కావు. అయినా సరఫరాలో ఏ మందు వస్తే అది, ఏ నెలలో వస్తే ఆ నెలలో పంచే పద్ధతిలో ఈ జ్ఞానమంతా పుస్తకాల్లోనే మిగిలిపోతున్నది.

ఇది నేను ఎలా నేర్చుకున్నానో చెప్పాలి, ఎందుకంటే నేర్చుకోవడానికి మూల్యం చెల్లించింది నేను కాదు, ఒక కాపరి. మెట్ట ప్రాంతంలో నేను పనిచేస్తున్న ఊళ్లో ఒక ఆషాఢ మాసంలో, డెల్టా నుంచి తిరిగొచ్చి నెలన్నా నిండని ఒక మందలో గొర్రెలు ఉన్నట్టుండి చచ్చిపోవడం మొదలైంది. సాయంత్రం మేసి వచ్చిన గొర్రె తెల్లవారేసరికి కాళ్లు చాచి పడి ఉండేది. కాపరి చిటుకు రోగం (గొర్రెను ఉన్నట్టుండి చంపే పేగు విషవ్యాధి) అన్నాడు, నేనూ అదే అనుకున్నాను. టీకా ఆ ముందే వేయించాడని తెలిశాక, పాలిపోయిన కళ్లు చూసి నట్టలని నిర్ణయించి, దగ్గరున్న ఫెన్‌బెండజోల్ మందకంతా తాగించాను. మరుసటి వారం ఇంకా ఎక్కువ చచ్చాయి. మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరుగారిని వెంటబెట్టుకుని వెళ్లి అప్పుడే చచ్చిన గొర్రెను కోయించాం. కడుపు నిండా నెత్తురు కలిసిన నీరు ఉంది. కార్జం ఉబ్బి, దాని మీద ఎర్రని గీతలు కీటకాలు తొలిచిన కట్టెలా కనిపించాయి. కోసి పిండితే సన్నని, బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్దవైన పిల్ల జలగలు బయటికొచ్చాయి. పేడ పరీక్ష ముందే చేయించి ఉంటే ఏమయ్యేదని నన్ను నేను అడుగుకున్నాను. ఏమీ తేలేది కాదు. అవి ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాలేదు.

ఆ మంద వేసవిలో ఎక్కడ మేసిందో అడగాలని నాకు మొదటి రోజు తట్టి ఉంటే ఆ కాపరికి కొన్ని గొర్రెలైనా మిగిలేవి. మెట్ట ప్రాంతాల్లో మేత అయిపోగానే మందలు డెల్టాకు దిగుతాయి, మినుము పెసర తీసిన పొలాల్లో, వరి మొళ్లలో మేస్తూ రాత్రిళ్లు రైతుల చేలల్లో మంద కట్టి ఎరువు ఇస్తాయి. రైతుకు పెంటికలు, కాపరికి ధాన్యమో డబ్బో, ఇద్దరికీ లాభమే. పంట బోదెల్లో, కాలువ అడుగుల్లో నీరు తగ్గుతూ వచ్చే ఆ రోజుల్లో పచ్చగా మిగిలిన గడ్డి ఆ తడి అంచుల మీదే ఉంటుంది, నత్తలూ అక్కడే గుమిగూడతాయి. తొలకరి పడగానే మందలు ఇంటిదారి పడతాయి. గడ్డితో పాటు మింగిన పిల్ల జలగలు కార్జంలో విజృంభించడానికి నెలా రెండు నెలలు పడుతుంది గనక, గొర్రెలు చావడం నత్త గాని చెరువు గాని కనిపించని సొంత ఊళ్లో మొదలవుతుంది. అక్కడి పశువైద్యుడికి జలగ వ్యాధి అనుమానించే కారణమే ఉండదు. డెల్టాలోని పశువైద్యుడికి ఆ మంద చచ్చిందన్న కబురే అందదు. మన రికార్డుల్లో చావు జరిగిన ఊరు ఉంటుంది, వ్యాధి అంటిన ఊరు ఉండదు. రెండు చోట్లా పనిచేసినందువల్ల అర్థమైందని మొదట్లో చెప్పింది ఈ విషయమే.

కాబట్టి నా మొదటి విన్నపం వలస మందల గురించి. వేసవిలో డెల్టా మండలాలకు వచ్చే ప్రతి మందకూ కాపరి చేతిలో ఒక చీటీ ఉండాలి. ఏ ఊరి మంద, ఏయే గ్రామాల్లో ఎన్ని రోజులు మేసింది, ఏ మందు ఎప్పుడు పడింది అన్న నాలుగు ముక్కలు అందులో రాసి ఉంటే చాలు. తిరుగు ప్రయాణానికి ముందు ఒక మోతాదు పిల్ల జలగలను కూడా చంపే మందు వేయాలి. సొంత ఊరు చేరిన ఎనిమిది పది వారాలకు, అంటే మఖ, పుబ్బ కార్తెల నాటికి, మిగిలిపోయి ముదిరిన వాటి కోసం రెండో మోతాదు వేయాలి. 2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో 1 కోటి 76 లక్షల గొర్రెలున్నాయి, దేశంలో తెలంగాణ తరువాతి స్థానం మనదే. వాటిలో వలస పోయేవన్నిటికీ ఈ మందు ఖరీదవుతుందన్న మాట వస్తుందని నాకు తెలుసు. పనికిరాని మందు ఎంత చౌకగా వచ్చినా దానికి పెట్టిన ప్రతి రూపాయీ వృథాయే అని నా మనవి.

డెల్టా గేదెల కథ వేరు. గొర్రె చచ్చి తన వ్యాధిని చెబుతుంది, గేదె చావదు. ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా జలగలు చేరుతూ, పాలు ఒక పూటకు అర లీటరో లీటరో తగ్గుతూ, ఈనిన తరువాత ఎదకు రావడం ఆలస్యమవుతూ, చర్మం మెరుపు తగ్గుతూ ఉంటే రైతు దాణా మారుస్తాడు, దిష్టి తీస్తాడు, చివరికి తక్కువ ధరకు అమ్మేస్తాడు. చెరువులో దింపకుండా కొట్టంలోనే కట్టి మేపే గేదెకు జలగ ఎలా పడుతుందని చాలామంది అడుగుతారు. నీరు నిలిచే చోట్ల పెంచే పారాగడ్డి, కాలువ గట్ల కింద కోసుకొచ్చే గడ్డి మోపుల్లో అది ఇంటికే వస్తుంది. గేదె చెరువు దగ్గరికి పోకపోయినా చెరువే మోపులో కొట్టానికి వస్తున్నదని రైతులకు చెబితే వెంటనే అర్థమవుతుంది. రాష్ట్రంలో ఉన్న సుమారు 62 లక్షల గేదెల్లో డెల్టా జిల్లాల గేదెలే కాలువ నీటితో ఎక్కువగా ముడిపడి ఉన్నాయి. వీటికి ఇచ్చే మందు తేదీ కాలువ తేదీలను బట్టి నిర్ణయం కావాలి.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నత్తలు చాలావరకు చచ్చిపోతాయి, మిగిలినవి బురదలో మూతి మూసుకుని నిద్రపోతాయి. కాలువలు వదలగానే లేచి, కొద్ది వారాల్లోనే విపరీతంగా పెరుగుతాయి. ఆ కొత్త నీటిలో జలగ గుడ్లు పడకుండా చూడగలిగితే కొత్త నత్తలు చాలావరకు శుభ్రంగా మిగులుతాయి. అంటే రోహిణి కార్తెలో, కాలువ నీరు రాకముందే, చలికాలంలో చేరి ఈపాటికి ముదిరి గుడ్లు పెడుతున్న జలగలను చంపే మందు ఊళ్లోని గేదెలన్నిటికీ ఒకేసారి పడాలి. సగం గేదెలకు వేసి సగం వదిలేస్తే ఆ సగమే ఊరి బోదెనంతా నింపుతాయి. సార్వా కాలంలో నత్తల్లో పెరిగి గడ్డికి అంటుకున్నవి పశువుల కార్జాల్లో ఉండేది చిత్త, స్వాతి, విశాఖ కార్తెల నాటికి. అప్పటి మోతాదు పిల్ల జలగల మీద కూడా పనిచేసేదై ఉండాలి. పాలిచ్చే గేదెకు ఏ మందు వేయవచ్చు, ఎన్ని రోజుల పాలు వాడకూడదు అన్నది సీసా మీది సూచనను బట్టి రైతుకు నోటితో చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వాలి. వట్టిపోయిన, చూడి ముదిరిన గేదెల విషయంలో ఆ ఇబ్బంది తక్కువ కాబట్టి ఖరీదైన మందును ముందుగా వాటికి కేటాయించవచ్చు. కాలువలు వదిలే తేదీ జలవనరుల శాఖ ఏటా ప్రకటిస్తుంది. ఆ తేదీకి 15 రోజుల ముందు మందు రైతు సేవా కేంద్రాలకు చేరేలా రెండు శాఖలూ మాట్లాడుకుంటే చాలు, ఇందుకు కొత్త పథకమేదీ అక్కరలేదు.

పరీక్ష గురించి కూడా చెప్పాలి. ఉప్పు నీటిలోనో చక్కెర పాకంలోనో పేడ కలిపి పైకి తేలిన గుడ్లను చూసే పద్ధతి మన ఆసుపత్రుల్లో బాగా అలవాటైంది. జలగ గుడ్లు బరువైనవి, ఆ నీటిలో తేలవు, అడుగున ఉండిపోతాయి. ఆ పరీక్షలో 'నట్టలు లేవు' అని రాసిన చీటీతో ఇంటికి పోయిన గేదెల్లో ఎన్నిటి కార్జాలు జలగలతో నిండి ఉన్నాయో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. కావలసింది ఉత్త మంచినీళ్లు, ఒక టీ జాలీ, ఒక పొడవాటి గాజు గ్లాసు. పేడను నీళ్లలో కలిపి వడగట్టి, కాసేపు కదపకుండా ఉంచి, పైనీటిని మెల్లగా ఒంపేసి, మళ్లీ నీళ్లు పోసి, ఇలా నీరు తేటపడే దాకా చేసి అడుగున మిగిలిన మడ్డిలో ఒక చుక్క మిథిలిన్ బ్లూ వేసి చూస్తే, నీలిరంగు చెత్త మధ్య కార్జపు జలగ గుడ్లు పసిమి బంగారు రంగులో కనిపిస్తాయి, పొట్ట జలగ గుడ్లు రంగు లేకుండా తేటగా కనిపిస్తాయి. ఒక గ్రామ పశుసంవర్ధక సహాయకుడికి ఇది ఒక్క పూటలో నేర్పవచ్చు. గన్నవరం పశువైద్య కళాశాల డెల్టా మధ్యనే ఉంది, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పరాన్నజీవుల విభాగాలు ఉన్నాయి. నేర్పేవాళ్లకు లోటు లేదు.

కార్జపు జలగతో పాటు అవే నీళ్లలో ఉండే మరో రెంటిని కూడా మరవకూడదు. ఇండోప్లానార్బిస్ అనే, చక్రంలా చదునుగా చుట్టుకున్న నత్త మురికి చెరువుల్లో సైతం బతుకుతుంది. అది పొట్ట జలగలకూ ఆశ్రయమే, రక్తనాళాల్లో ఉండే జలగలకూ ఆశ్రయమే. పొట్ట జలగలు ముదిరాక పెద్ద పొట్టలో ఉంటే పెద్దగా హాని చేయవు, పిల్లలుగా ఉన్నప్పుడు చిన్న పేగు మొదట్లో వేల సంఖ్యలో అంటుకుని దుర్వాసనతో నీళ్లలా పారుడు పట్టించి దూడలనూ గొర్రెలనూ చంపుతాయి. రక్తనాళాల జలగల్లో ఒకటి ఎద్దుల ముక్కులో చేరి కాలీఫ్లవర్ పువ్వులా కండ పెంచుతుంది. ఆ పశువు ఊపిరి తీస్తే గురక పెడుతున్నట్టు దూరం నుంచే వినిపిస్తుంది. ఈ జలగకు 1933లో పేరు పెట్టినవారు మద్రాసులో పనిచేసిన రావు అనే పశువైద్య శాస్త్రవేత్త, అప్పటికి మన కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఈ జాతి గడ్డితో రాదు, నీటిలో నిలబడిన పశువు చర్మం గుండానే లోపలికి పోతుంది. నాట్లు వేసే కూలీల కాళ్లకు నీళ్లలో దిగిన కొద్దిసేపటికే దద్దుర్లు, దురద వస్తే అందుకు ఒక కారణం ఈ పశువుల జలగ పిల్లలే. అవి మనిషి చర్మంలో దూరి, ముందుకు పోలేక అక్కడే చచ్చిపోతాయి. ఆ కూలీలు దాన్ని ఎరువుల దురద అనుకుని కొబ్బరినూనె రాసుకుని మళ్లీ మడిలో దిగుతారు. ఈ మాట ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు మన శాఖే చెప్పాలి.

మనుషుల సంగతి వచ్చింది గనక ఇంకొక్క మాట. కార్జపు జలగ మనుషులకూ సోకుతుంది. 70కి పైగా దేశాల్లో కనీసం 24 లక్షల మందికి అది ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సోకేది నీటి మొక్కలను పచ్చిగా తినడం వల్ల. జలగ ఉన్న కార్జం వండుకుని తిన్నందువల్ల సోకదు, అయినా మాంసం దుకాణాల్లో ఆ కార్జాన్ని పక్కన పారేసి ఊరుకుంటున్నారు. ప్రతి కబేలాలో ఏ ఊరి పశువు కార్జంలో జలగలు కనిపించాయో ఒక పుస్తకంలో రాయిస్తే ఒక్క ఏడాదిలో జలగ వ్యాధి ఎక్కడెక్కడుందో రాష్ట్ర పటం మీద గుర్తుపెట్టవచ్చు. పాత వ్యాధి అయితే నాళాలు సున్నం పట్టి కత్తికి గరగరమని తగులుతాయి, కోసేవాడికి చూడకుండానే తెలుస్తుంది. ఆ అనుభవాన్ని కాగితం మీద పెట్టడమొక్కటే మిగిలింది.

రైతు చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. వాటిని ఇండొనీషియాలోని పశ్చిమ జావాలో, మనలాగే వరి, మనలాగే ఇదే జాతి జలగ ఉన్న చోట, చాలా ఏళ్లు పరిశీలించారు. పశువుల కొట్టం కడుగునీళ్లు పారే మడుల్లోనే వ్యాధి ఉన్న నత్తలు ఎక్కువగా ఉన్నాయని తేలింది. జలగ పెంకులు వరి కాడ కింది భాగంలో, నీరు తాకిన మేరకే అంటుకుని ఉంటాయి. కాబట్టి కొట్టానికి దగ్గరి మడుల గడ్డిని, మొదలంటా కోసిన పచ్చి గడ్డిని పశువుకు వేయకూడదు, కాడ పైభాగమే వేయాలి. ఎండకు బాగా ఆరిన గడ్డి మేలు. పేడను నేరుగా మడిలోకి తోలకుండా కుప్పలో మగ్గనిస్తే ఆ వేడికి గుడ్లు చస్తాయి. అక్కడే ఇంకో పద్ధతి కూడా ప్రయత్నించారు. బాతుల్లో ఉండే వేరే జాతి జలగ అదే నత్తలో చేరితే పశువుల జలగ పిల్లలను తినేస్తుంది, అందుకని బాతుల పెంటను పశువుల పేడతో కలిపి మడిలో వేశారు. కోతలయ్యాక బాతుల మందలు దిగని డెల్టా ఊరు మనకు అరుదు. ఆ పద్ధతిని ఇక్కడి పొలాల్లో పరీక్షించమని విశ్వవిద్యాలయాన్ని శాఖ అడగాలని నా కోరిక.

నత్తలను చంపడానికి చెరువులో మైలుతుత్తం, అంటే రాగి ఉప్పు, వేయమని పాత కాగితాల్లో ఉంటుంది. దయచేసి అది వద్దు. చేపలు చస్తాయి, రాగిని గొర్రె అసలే ఓర్చుకోదు.

ట్రైక్లాబెండజోల్ గురించి ఒక హెచ్చరిక కూడా చేయకుండా ఉండలేను. ఆ మందుకు లొంగని జలగలు 1995లోనే ఆస్ట్రేలియాలో బయటపడ్డాయి, ఆ తరువాత చాలా దేశాల్లో కనిపించాయి. బరువు తూచకుండా కంటి అంచనాతో వేసి, పెద్ద గేదెకు తక్కువ మోతాదు, బక్క గేదెకు ఎక్కువ మోతాదు పడేలా ఏటా అదే మందు నాలుగుసార్లు తాగిస్తే మనకూ ఆ గతే పడుతుంది. ఛాతీ చుట్టుకొలత టేపుతో బరువు లెక్కగట్టే అలవాటు ప్రతి సహాయకుడికీ ఉండాలి, ఈ మందును పిల్ల జలగలు ఉండే కాలానికే దాచుకుని మిగిలిన కాలంలో ఆక్సీక్లోజనైడ్ వంటివి వాడాలి. మందు వేసిన మూడు వారాలకు కొన్ని పశువుల పేడనైనా మళ్లీ మడ్డి పరీక్ష చేసి చూడాలి.

ఈ మార్పులన్నీ ఒకేసారి రాష్ట్రమంతటా తేవాలని నేను కోరడం లేదు. కృష్ణా డెల్టాలో రెండు మండలాలు, అక్కడికి మందలు వచ్చే మెట్ట ప్రాంతంలో రెండు మండలాలు ఎంచుకుని, ఒక ఏడాది పాటు కాలువ తేదీని బట్టి మందు వేసి, వలస మందలకు చీటీలిచ్చి, మడ్డి పరీక్షల పుస్తకం రాయించండి. మొదటి ఏడాది నేర్పడానికి మనిషి కావాలంటే నేను వస్తాను, భత్యం అక్కరలేదు, ఒక సూక్ష్మదర్శిని ఉన్న గది చాలు. మినుము కోతలు అయిపోగానే మందలు డెల్టాకు దిగడం మొదలవుతుంది. అప్పటికి చీటీలు అచ్చయి ఉండాలంటే ఇప్పుడే ఉత్తర్వు వెలువడాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్య సహాయకుడు